ల్యాబ్ ఇచ్చిన టెన్సైల్ కర్వ్‌ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు

ఉక్కు బ్రాకెట్ యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్థాయి) దాటాక ఎంత వంగుతుందో సిమ్యులేషన్‌లో చూడాలంటే యంగ్స్ మాడ్యులస్ (కర్వ్ మొదటి తిన్నని గీత వాలు) ఒక్కటే చాలదు, ఆ తర్వాతి కర్వ్ కూడా ఇవ్వాలి. ఉక్కు ముక్కని (స్పెసిమెన్) లాగి, స్ట్రెస్ (వైశాల్యం మీద పడే లోడు), స్ట్రెయిన్ (మొదటి పొడవులో ఎంత వంతు సాగిందో) గీస్తే వచ్చేదే ఆ టెన్సైల్ కర్వ్. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్లు మెష్ (బ్రాకెట్‌ని చిన్న ఎలిమెంట్లుగా విడగొట్టడం) మీద రెండేసి రోజులు కూర్చుంటారు. మెటీరియల్ కార్డు (సాఫ్ట్‌వేర్‌కిచ్చే లోహం లక్షణాల పట్టిక) మాత్రం పాత ప్రాజెక్టులోంచి కాపీ కొట్టేస్తారు. నన్నడిగితే ఎక్కువ టైము పెట్టాల్సింది ఆ కార్డు మీదే.

నిర్మాణ ఉక్కుకి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2062లోని ఈ250 గ్రేడు ప్లేటునే తీసుకుందాం. ల్యాబ్ నుంచి పీడీఎఫ్ రిపోర్టు వస్తే దాంతో సరిపెట్టుకోకండి. అందులో యీల్డ్, గరిష్ఠ స్ట్రెస్, ఎలాంగేషన్ శాతం తప్ప ఏమీ ఉండవు. లోడు, సాగుదల ఉన్న ఎక్సెల్ ఫైలు అడగండి. స్పెసిమెన్ అసలు వెడల్పు, మందం, గేజ్ పొడవు (సాగుదల కొలిచే భాగం పొడవు) ఎంతో, ఎక్స్‌టెన్సోమీటర్ (స్పెసిమెన్ మీదే బిగించి సాగుదల కొలిచే పరికరం) పెట్టారో లేదో కూడా అడగండి. ఈ చివరి ప్రశ్న మర్చిపోతే తర్వాత తల పట్టుకోవాలి.

ఎందుకంటే ఎక్స్‌టెన్సోమీటర్ లేకపోతే మెషీన్ క్రాస్‌హెడ్ (స్పెసిమెన్‌ని లాగే కదిలే దిమ్మ) కదలికనే సాగుదలగా రాస్తారు. గ్రిప్పులు జారడం, మెషీన్ ఫ్రేము సాగడం అన్నీ అందులో కలిసిపోతాయి. కర్వ్ మొదటి గీత వాలు చూడండి: ఉక్కుకి 2,00,000 మెగాపాస్కల్స్‌కి కాస్త పైన ఉండాలి. అందులో పావు వంతు కూడా లేకపోతే అది మెషీన్ వాలు, ఉక్కుది కాదు. మళ్లీ టెస్టు చేయించే వీలు లేకపోతే ఆ తప్పు వాలుతోనే ఎలాస్టిక్ భాగాన్ని (లోడు తీస్తే వెనక్కి పోయే సాగుదలని) లెక్కకట్టి తీసేయండి. మిగిలిన స్ట్రెయిన్‌కి అసలు మాడ్యులస్‌తో వచ్చే ఎలాస్టిక్ భాగం కలపండి. ఉజ్జాయింపే, కానీ పని నడుస్తుంది.

ఇక మార్పిడి. ల్యాబ్ వాళ్లు లోడుని మొదటి వైశాల్యంతో భాగిస్తారు. స్పెసిమెన్ సాగేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ అడిగేది ట్రూ స్ట్రెస్, అంటే లోడుని ఆ క్షణంలో ఉన్న వైశాల్యంతో భాగించినది. ల్యాబ్ స్ట్రెస్‌ని, ఒకటికి స్ట్రెయిన్ కలిపిన అంకెతో గుణిస్తే అది వస్తుంది. ఆ అంకెకే సహజ లాగరిథమ్ తీస్తే ట్రూ స్ట్రెయిన్. ఉదాహరణకి 10 శాతం స్ట్రెయిన్ దగ్గర 400 మెగాపాస్కల్స్ ఉందనుకోండి. ట్రూ స్ట్రెస్ 440, ట్రూ స్ట్రెయిన్ 0.0953. అందులోంచి 440ని 2,05,000తో భాగిస్తే వచ్చే 0.0021 తీసేస్తే ప్లాస్టిక్ స్ట్రెయిన్ (లోడు తీసినా మిగిలిపోయేది) 0.0932. అబాకస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ప్లాస్టిక్ టేబుల్‌కి ఇవ్వాల్సింది 440, 0.0932 జతని. మొదటి వరుసలో మాత్రం యీల్డ్ స్ట్రెస్ పక్కన ప్లాస్టిక్ స్ట్రెయిన్ సున్నా ఉండాలి.

మైల్డ్ స్టీల్‌లో యీల్డ్ దగ్గర కర్వ్ ఒకసారి పైకెళ్లి కిందికి దిగి, కాసేపు అడ్డంగా నడుస్తుంది. ఆ కొమ్ముని ఉన్నదున్నట్టు ఇవ్వకండి, సాల్వర్ (లెక్క చేసే ప్రోగ్రాం) కన్వర్జ్ కాక, అంటే జవాబు తేలక సతాయిస్తుంది. కింది యీల్డ్ విలువ నుంచి మొదలుపెట్టి మెల్లగా ఎక్కేలా గీయండి. బ్రాకెట్ పనికి అది చాలు.

అసలు చిక్కు నెక్ (స్పెసిమెన్ ఒక్కచోటే మెడలా సన్నబడటం) దగ్గర వస్తుంది. పై సూత్రాలు గరిష్ఠ లోడు దాకానే చెల్లుతాయి. ఆ తర్వాత సాగడమంతా ఒక్కచోటే జరుగుతుంది కాబట్టి గేజ్ పొడవు మీద సగటు తీస్తే అర్థం లేదు. ల్యాబ్ కర్వ్‌లో కిందికి దిగే తోకని మొత్తం కత్తిరించేయండి. అలాగని అక్కడే ఆపినా ఇబ్బందే: టేబుల్ చివరి పాయింటు దాటాక అబాకస్ స్ట్రెస్‌ని స్థిరంగా ఉంచేస్తుంది. మూల దగ్గర స్ట్రెయిన్ అంతకు మించితే మీ బ్రాకెట్ ఉన్నదానికన్నా మెత్తగా కనిపిస్తుంది.

అందుకే కర్వ్‌ని మనమే పొడిగించాలి. హాలోమన్ సూత్రంలో ట్రూ స్ట్రెస్ అంటే కె అనే స్థిరాంకం గుణించు ట్రూ స్ట్రెయిన్ ఘాతం ఎన్. ఈ సూత్రం ప్రకారం నెక్ మొదలయ్యే ట్రూ స్ట్రెయినే ఎన్ విలువ. గరిష్ఠ లోడు 18 శాతం దగ్గర, 430 మెగాపాస్కల్స్‌తో వచ్చిందనుకుంటే ఎన్ సుమారు 0.166, కె సుమారు 683. దీంతో 0.6 స్ట్రెయిన్ దగ్గర దాదాపు 628 వస్తుంది. వోచె అనే ఇంకో సూత్రం వాడితే కర్వ్ పైన చదునవుతుంది, హాలోమన్‌ది ఎక్కుతూనే పోతుంది. నిజం సాధారణంగా ఆ రెంటి మధ్యలో ఉంటుంది. నేను రెండూ గీసి మధ్యలోంచి మొదలుపెడతాను.

బ్రాకెట్ జోలికి వెళ్లే ముందు ఒకే ఒక్క ఎలిమెంట్‌ని లాగి చూడండి. మీరిచ్చిన టేబులే తిరిగి రావాలి. యూనిట్ల తప్పులు ఇక్కడే దొరికిపోతాయి. మిల్లీమీటర్, న్యూటన్, టన్ను లెక్కలో ఉక్కు సాంద్రత ఘన మిల్లీమీటర్‌కి 7.85 ఘాతం మైనస్ 9 టన్నులు కాదు, 7.85 గుణించు పది ఘాతం మైనస్ 9. ఇక్కడ తడబడేవాళ్లని చాలామందిని చూశాను. తర్వాత మొత్తం స్పెసిమెన్‌నే మోడల్ చేసి, లోడు-సాగుదల గీతని ల్యాబ్ గీత మీద పరచండి. నెక్ తర్వాత మీ గీత పైన ఉంటే పొడిగింపుని కాస్త వోచె వైపు దించండి, కింద ఉంటే హాలోమన్ వైపు ఎత్తండి.

స్పెసిమెన్‌లో 1 మిల్లీమీటర్ ఎలిమెంట్లు వాడితే బ్రాకెట్ వంగే చోట కూడా 1 మిల్లీమీటరే ఉంచండి. 4కి మారిస్తే అక్కడ స్ట్రెయిన్ సగటై తగ్గిపోతుంది, మీరేమో తప్పు కర్వ్‌లో ఉందనుకుని మళ్లీ దాని వెంట పడతారు.