పాలిమర్ క్లే పూసకు బెజ్జం సొట్టపడకుండా

పాలిమర్ క్లేని (ఓవెన్‌లో కాల్చితే గట్టిపడే ప్లాస్టిక్ మట్టి) ఉండ చుట్టగానే సూది గుచ్చితే పూస నొక్కుకుపోతుంది, అవతలి అంచు పెదవిలా పైకి లేస్తుంది. చేతి వేడికి క్లే మెత్తబడి ఉండటమే కారణం. ఉండల్ని 10 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. తర్వాత సూదిని బలంగా నెట్టకుండా వేళ్ల మధ్య తిప్పుతూ దించండి. అవతల మొన కనబడగానే వెనక్కి లాగేసి, ఆ చుక్క దగ్గర్నుంచి మళ్లీ గుచ్చండి. రెండు అంచులూ నున్నగా వస్తాయి.

కాల్చేటప్పుడు నున్నటి ట్రే మీద నేరుగా పెట్టొద్దు, ఆనిన చోట చదునుగా మెరుపు మచ్చ పడుతుంది. కాగితాన్ని విసనకర్రలా మడిచి, ఆ మడతల మధ్య పేర్చండి. వేడి మాత్రం ప్యాకెట్ మీద ఉన్నంతే, రకాన్ని బట్టి దాదాపు 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్. ఓవెన్ మీట చూపే అంకెను నమ్మకండి (చాలావాటిలో అది తప్పే), లోపల విడిగా థర్మామీటర్ పెట్టుకోండి.