కొండ ఎక్కే లెక్క
వాహన వాదనలను సొంతంగా తూచడం – 4వ పాఠం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చాలామంది శ్రద్ధగా చేశారు. ఎలక్ట్రిక్ కార్ల గురించి మీ చుట్టుపక్కల వినబడే మాటలను, అన్నవాళ్ల నోట ఎలా వచ్చాయో అలాగే, దిద్దకుండా రాసుకురమ్మన్నాను. లీలామహల్ సర్కిల్ టీ కొట్టు దగ్గర, రేణిగుంట రోడ్డు మెకానిక్ షెడ్లలో, అలిపిరి టోల్‌గేటు దగ్గర ఆగిన ట్యాక్సీల వరసలో పోగైన మాటలివి. వాటిలో నాలుగింటిని ఈ పాఠానికి తీసుకుంటున్నాను.

"కరెంటు కారు కొండెక్కతాదా సార్? సగం ఘాట్‌లోనే కూలబడతాది."
"అంత దూకుడుగా పోయే స్పోర్ట్స్ కారుకు బ్యాటరీ యాడ నిలస్తాదన్నా?"
"ఈ కరెంటు కార్ల పిచ్చితోనే అమెరికాలో పెద్దపెద్ద కంపెనీలు దివాలా తీసినాయి."
"ఇంజన్ పోతే మా పని పోతాది సార్."

వీటిలో ఏది తప్పు, ఏది ఒప్పు అని వెంటనే తేల్చేయాలనిపిస్తుంది. ఆ తొందర వద్దు. ఏ మాటలోనైనా రెండు ముక్కలు కలిసి ఉంటాయి. ఒకటి "ఎంత?" అని అడిగితే బదులిచ్చే ముక్క. రెండోది "ఎవరికి?" అని అడిగితే బదులిచ్చేది. మొదటిదాన్ని కాగితం మీద తేల్చవచ్చు. రెండోదాన్ని అన్న మనిషి ఎదుట కూర్చుని వినాలి. ఈ రెంటినీ విడదీయడమే ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని.

మొదట కొండ మాట. ఇది పూర్తిగా "ఎంత" ముక్కే, కాబట్టి కాగితం తీయండి.

మొదటి పాఠంలో చెప్పుకున్నది గుర్తుందిగా: కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, కారు బ్యాటరీని కొలిచేదీ దానితోనే. బరువును ఎత్తుకు చేర్చడానికి ఎన్ని యూనిట్లు కావాలో చెప్పే సూత్రం చాలా చిన్నది. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని రెంటినీ గుణించండి. వచ్చినదాన్ని 3,67,000తో భాగించండి. అంతే. ఈ 3,67,000 ఎక్కడిది అంటారా? ఒక యూనిట్‌లో 36,00,000 జౌల్స్ (శక్తిని కొలిచే చిన్న కొలత) ఉంటాయి. భూమి ఆకర్షణ లెక్కైన 9.81తో దాన్ని భాగిస్తే ఈ అంకె వస్తుంది. ఒకసారి మీరే భాగించి చూసుకోండి. నేను చెప్పానని నమ్మవద్దు.

కారు బరువు 1,500 కిలోలు, లోపల నలుగురు మనుషులు, సామాను కలిపి 300 కిలోలు అనుకుందాం. మొత్తం 1,800. అలిపిరికీ తిరుమలకీ మధ్య ఎత్తు తేడాను దాదాపు 700 మీటర్లుగా తీసుకుందాం. 1,800ని 700తో గుణిస్తే 12,60,000. దాన్ని 3,67,000తో భాగిస్తే 3.4 యూనిట్లు. మన ఇంట్లో ఒక ఏసీ కొన్ని గంటలు తిరిగితే అయ్యే ఖర్చు అది.

అయితే కారు గాల్లో లేచి పైకి పోదు కదా. పైకి వెళ్లే రెండో ఘాట్‌లో దాదాపు 16 కి.మీ. రోడ్డు మీద చక్రాలు దొర్లాలి, గాలిని తోసుకుంటూ పోవాలి. 28 నిమిషాల కంటే ముందుగా పైకి చేరకూడదన్న నిబంధన ఉంది కాబట్టి సగటు వేగం గంటకు 34 కి.మీ. దాటదు. ఆ వేగంలో గాలి అడ్డు చాలా తక్కువ. రాపిడికి, గాలికి కలిపి ఒక యూనిట్ వేయండి. మోటారులో, బ్యాటరీలో వేడిగా పోయేది, కారులో ఏసీ తినేది కూడా కలిపితే మొత్తం ఐదు యూనిట్ల చిల్లర అవుతుంది. 2020లో వచ్చిన మొదటి టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ 30.2 యూనిట్లు. అందులో ఐదు అంటే ఆరో వంతు. సగం ఘాట్‌లో కూలబడటం కాదు, కింద బ్యాటరీ నిండుగా ఉంటే పైకి చేరేసరికి ఇంకా ఎనభై శాతానికి పైగానే మిగిలి ఉంటుంది.

నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం దిగేటప్పటి లెక్క. పైకి మోసుకెళ్లిన 3.4 యూనిట్లు ఎక్కడికీ పోలేదు, కొండ మీద ఎత్తు రూపంలో దాచి ఉన్నాయి. పెట్రోలు కారు దిగేటప్పుడు ఆ సొమ్ము చాలావరకు బ్రేకుల్లో, ఇంజన్‌లో వేడిగా కాలిపోతుంది. మలుపుల దగ్గర కాలిన వాసన వచ్చేది అందుకే. ఎలక్ట్రిక్ కారులో కాలు తీయగానే మోటారే జనరేటరు పని చేస్తుంది, బ్యాటరీలోకి కరెంటు పోస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. దిగే దారి 19 కి.మీ. కాబట్టి రాపిడికీ గాలికీ ఒక యూనిట్ తీసేద్దాం, 2.4 మిగులుతాయి. అందులో మూడింట రెండు వంతులు తిరిగి చేరినా, ఒకటిన్నర యూనిట్ పైనే. అంటే ఎక్కి దిగడానికి నికరంగా మూడున్నర నుంచి నాలుగు యూనిట్లు. 35 కి.మీ.కి అంత అంటే, ఒక్కో యూనిట్‌కు తొమ్మిది కి.మీ. వచ్చినట్టు. తిరుపతి నుంచి చెన్నై రోడ్డు మీద వేగంగా పోతే ఆ మైలేజీ రాదు. చదును రోడ్డు కంటే కొండే నయమన్న ఈ ఫలితం చూసి మొదట నేనూ నమ్మలేదు, మూడుసార్లు వేసి చూశాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పైన బ్యాటరీని నూటికి నూరు శాతం నింపుకుని దిగితే, తిరిగొచ్చే కరెంటుకు చోటుండదు. అప్పుడు రీజెన్ పనిచేయదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. తిరుమలలో చార్జింగ్ పెట్టేవాళ్లు తొంభై దగ్గరే ఆపండి. కొండ దిగేవాళ్ల ప్రాణాలకు సంబంధించిన విషయమిది, తేలిగ్గా తీసుకోవద్దు.

మన లెక్కకు సాక్ష్యం రోజూ మన కళ్ల ముందే తిరుగుతోంది. 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఇదే ఘాట్‌లో యాత్రికులను ఎక్కిస్తున్నాయి, దించుతున్నాయి. కాగితం మీద తేలినదాన్ని రోడ్డు మీద చూసుకునే అవకాశం ప్రతి లెక్కకూ దొరకదు.

ఇక స్పోర్ట్స్ కారు. దీనికి టెస్లా రోడ్‌స్టర్‌నే తీసుకుందాం, ఎందుకంటే ప్రపంచంలో ఈ వాదన రాజుకున్నది దానితోనే. 2006లో జనానికి చూపించారు, 2008లో అమ్మకాలు మొదలయ్యాయి. లోటస్ ఎలీస్ అనే బ్రిటిష్ కారు ఆధారంగా తయారైంది. బ్యాటరీ 53 యూనిట్లు, అందులో 6,831 చిన్న లిథియం అయాన్ సెల్స్, లాప్‌టాప్‌లలో వాడే రకానివి. సుమారు నాలుగు సెకన్లలో గంటకు 100 కి.మీ. వేగం అందుకుంటుంది.

"దూకుడుగా పోయేదానికి బ్యాటరీ నిలవదు" అన్న మాట వినడానికి నిజంలానే ఉంటుంది. ఇక్కడ చాలామంది రెండు కొలతలను కలిపేస్తారు. మిద్దె మీది ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయన్నది ఒక కొలత, కొళాయి తిప్పితే ఎంత ధారగా వస్తాయన్నది ఇంకొకటి. పెద్ద కొళాయి పెట్టి ఒక్క చెంబు పట్టుకుంటే ట్యాంకు ఖాళీ అవదు. 1,300 కిలోల బండిని నిలబడ్డచోటి నుంచి గంటకు 100 కి.మీ. వేగానికి తీసుకెళ్లడానికి కావలసింది 0.14 యూనిట్ మాత్రమే. (బరువులో సగాన్ని, సెకనుకు మీటర్లలో వేగాన్ని రెండుసార్లు గుణించి, 36,00,000తో భాగించండి. ఇక్కడ వేగం 27.8.) అదే బండి తిరుమల ఎత్తు ఎక్కడానికి దాదాపు రెండున్నర యూనిట్లు కావాలి. అంటే ఒక్కసారి కొండెక్కడం పద్దెనిమిది సార్లు దూకడంతో సమానం. బ్యాటరీని నిజంగా తినేది దూకుడు కాదు, ఆ వేగంలోనే గంటల తరబడి పోవడం. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. కాబట్టి ఆ టీ కొట్టు అన్న మాటలో సగం నిలబడింది, సగం పడిపోయింది. అలా సగం సగం తేలినప్పుడు సగమని రాసుకోవడం కూడా నేర్చుకోవాలి.

మూడో మాటకు లెక్కతో పాటు తేదీలూ కావాలి. కారణం ఇదీ అని ఎవరైనా చెప్పినప్పుడు, కారణం ముందు జరిగిందా, ఫలితం ముందు జరిగిందా అని వరసలో పెట్టండి. జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది 2009 జూన్ 1న. క్రైస్లర్ అంతకు నెల ముందు, ఏప్రిల్ 30న. జనరల్ మోటార్స్ కరెంటుతోనూ నడిచే షెవర్లే వోల్ట్ కారు అమ్మకం మొదలుపెట్టింది 2010 డిసెంబరులో. 1996లో తెచ్చిన ఈవీ1 ఎలక్ట్రిక్ కారును దివాలాకు ఎన్నో ఏళ్ల ముందే వెనక్కి తీసేసుకుంది. మరి మునిగిపోతున్న రోజుల్లో దాని చేతిలో ఏ ఎలక్ట్రిక్ కారుందని? రోడ్‌స్టర్లు అమ్మినన్నాళ్లూ, అన్ని దేశాల్లో కలిపి, సుమారు 2,450 అమ్ముడయ్యాయి. అమెరికాలో ఏడాది వాహనాల అమ్మకాలు 2007లో 1.6 కోట్ల దగ్గర నుంచి 2009లో 1.04 కోట్లకు పడిపోయాయి. 56 లక్షల లోటు పక్కన 2,450ని పెట్టి చూడండి. అప్పు పుట్టని 2008 సంక్షోభం, పెరిగిన పెట్రోలు ధర, పెద్ద బండ్ల మీదే ఆధారపడటం, రిటైరైన కార్మికుల వైద్య ఖర్చుల భారం: కారణాలు అక్కడ ఉన్నాయి.

అదే మాటను ఈ మధ్య కాలానికి అంటే మాత్రం తీర్పు మారుతుంది. 2023లో ఫోర్డ్ ఎలక్ట్రిక్ విభాగం సుమారు 470 కోట్ల డాలర్ల నష్టం చూపింది. కంపెనీ మొత్తంగా లాభంలోనే ఉన్నా, ఆ గాయం చిన్నది కాదు. అందుకే ఎవరి మాట రాసుకున్నా, ఏ సంవత్సరం గురించి అంటున్నారో పక్కన తప్పకుండా రాయండి.

ప్రభుత్వ డబ్బు గురించి కూడా ఇద్దరు ముగ్గురు రాశారు. స్పోర్ట్స్ కార్లు చేసేవాళ్లకు జనం సొమ్మెందుకని వాళ్ల కోపం. టెస్లాకు అమెరికా ఇంధన శాఖ ఇచ్చిన అప్పు 46.5 కోట్ల డాలర్లు. అది రోడ్‌స్టర్‌కు కాదు, తర్వాతి కారు మోడల్ ఎస్ కోసం. 2013 మేలో, గడువుకు తొమ్మిదేళ్ల ముందే తీర్చేసింది. ఇక్కడితో ఆపితే మీరు గెలిచినట్టే ఉంటుంది, కానీ అది నిజాయితీ కాదు. అదే పథకం కింద అప్పు తీసుకున్న ఫిస్కర్ కంపెనీ 2013లోనే దివాలా తీసింది, ప్రభుత్వానికి దాదాపు 13.9 కోట్ల డాలర్లు పోయాయి. దివాలా నుంచి గట్టెక్కించడానికి ప్రభుత్వం జనరల్ మోటార్స్‌లో విడిగా పెట్టిన దాదాపు 5,000 కోట్ల డాలర్లలో వెయ్యి కోట్లకు పైగా తిరిగి రాలేదు. మీ వాదనకు పనికొచ్చే ఉదాహరణ దొరకగానే, పనికిరానిదాన్ని కూడా వెతికి పక్కన రాయండి. ఈ అలవాటు కష్టం, నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు నాలుగో మాట. "ఇంజన్ పోతే మా పని పోతాది సార్." ఇది అన్నది లేత్ మిషన్ మీద క్లచ్ భాగాలు తిప్పే కుర్రాడు. ఈ మాటకు కాగితం తీసి జవాబు చెప్పబోయాను. అతను నా ముఖం వైపే చూస్తుంటే కలం పక్కన పెట్టేశాను. ఇది "ఎవరికి" ముక్క. దేశం మొత్తం మీద ఎన్ని ఉద్యోగాలు వస్తాయి, ఎన్ని పోతాయన్న సగటు అతని ఇంటి అద్దె కట్టదు. ఎలక్ట్రిక్ కారులో క్లచ్ లేదు. అతని భయం నిజం.

అయినా ఆ భయానికి కూడా కొలతలు తీయవచ్చు. అతనితో కలిసి ఒక సాయంత్రం షెడ్‌లో పాత కారు చుట్టూ తిరిగాను. పిస్టన్ రింగులు, స్పార్క్ ప్లగ్, సైలెన్సర్, ఫ్యూయల్ పంపు, క్లచ్ ప్లేటు: ఇవి పోయేవి. టైర్లు, బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, సీట్లు, అద్దాలు: ఇవి ఉండేవి. మన జిల్లాలనే అలా చూడండి. చినపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది, మోటారైనా ఇంజనైనా టైరు కావలసిందే. శ్రీసిటీలో ఇసుజు డీజిల్ పికప్‌లు చేస్తోంది, దాని ప్రశ్న వేరు. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలున్నాయి, అవి లెడ్ యాసిడ్‌వి, ఇంజన్‌ను స్టార్ట్ చేసేవి. ఎలక్ట్రిక్ కార్లలో కూడా చాలావాటిలో లైట్లకూ లాకులకూ ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కానీ బండిని నడిపేది లిథియం. ఆ కంపెనీ పెద్ద లిథియం ఫ్యాక్టరీకి ఎంచుకున్న చోటు మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లి. మన తిరుపతిలోనే 2022లో మునోత్ వాళ్ల లిథియం సెల్స్ తయారీ మొదలైంది. ఒకే మార్పు ఒక్కో ఊరికి ఇంత వేర్వేరుగా తగులుతుంది. ఎవరైనా "ఎలక్ట్రిక్ వస్తే మంచిది", "చెడ్డది" అన్నప్పుడు ఏ గేటు ముందు నిలబడి అంటున్నారో అడగండి. ఆ కుర్రాడు ఇప్పుడు బ్రేక్ డిస్కుల పని నేర్చుకుంటున్నాడు. కుదురుకుంటాడని నా ఆశ. జరిగింది మీకు చెబుతాను.

ఈ వారం మీ పని రెండు భాగాలు. చిత్తూరు వైపు ఉన్నవాళ్లు మొగిలి ఘాట్‌ను, తిరుపతి వాళ్లు భాకరాపేట ఘాట్‌ను తీసుకోండి. ఫోన్‌లో కింది ఎత్తు, పై ఎత్తు చూసి, మీ ఇంట్లో ఉన్న బండి బరువుతో ఎక్కే యూనిట్లు తేల్చండి. స్కూటరైనా సరే. తర్వాత మీరు పోగుచేసిన మాటల్లో మిగిలినవాటిని "ఎంత", "ఎవరికి" అని రెండు గళ్లలో విడదీయండి. రెండో గడిలో పడ్డ ఒక్క మాటకైనా, అన్న మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లి అరగంట కూర్చోండి.

అయిదో పాఠం పెట్రోలుకూ కరెంటుకూ కిలోమీటరు ఖర్చు. దానికి రెండు నెలల పాత కరెంటు బిల్లు ఒకటి, మీ బండి పెట్రోలు రసీదులు మూడు దగ్గర పెట్టుకోండి. బండి మీటరు రీడింగు పెట్రోలు రసీదు వెనకాల రాసి ఉంటే ఇంకా మంచిది.