గ్లాసు నీళ్ల వెనక ఎవరున్నారో తెలుసుకోవడం

కృతజ్ఞతను అలవాటు చేసుకోవాలనుకునేవారికి సాధారణంగా దొరికే సలహా ఒకటి ఉంది. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగిన మంచి విషయాలు మూడింటిని పుస్తకంలో రాసుకోవాలన్నది ఆ సలహా. అది చెడ్డదేమీ కాదు గానీ, కొద్ది రోజులు గడిచేసరికి ఆ పుస్తకంలో ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం అనే మూడు మాటలే తిరిగి తిరిగి కనిపిస్తాయి. వాటిని రాస్తున్నప్పుడు మనసు అప్పటికే రేపటి పనుల మీదికి వెళ్లిపోయి ఉంటుంది. బౌద్ధం ఈ పనిని వేరే చోట మొదలుపెడుతుంది. మనకు ఎవరు ఏం చేశారో ఎరిగి ఉండటం, ఎరిగినట్టు నడుచుకోవడం అక్కడ ముఖ్యం. లోకంలో ఇద్దరు అరుదుగా దొరుకుతారని బుద్ధుడి ప్రవచనాల సంకలనమైన అంగుత్తర నికాయంలో బుద్ధుడు చెబుతాడు: తానే ముందుగా మేలు చేసేవాడు ఒకడు, తనకు జరిగిన మేలును ఎరిగి దాన్ని చేతల్లో చూపేవాడు మరొకడు. శుభాలేవో బుద్ధుడు వివరించిన మంగళ సుత్తం చెప్పే 38 మంగళాలలోనూ సంతుష్టి పక్కనే కృతజ్ఞత ఉంటుంది. భావం రమ్మన్నప్పుడు రాదు, కానీ తెలుసుకోవడం ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు కనుక, ఈ సాధనలో చేయవలసిన పనంతా తెలుసుకోవడమే.

మొదటి సాధనకు ఉదయం తాగే గ్లాసు నీళ్లు చాలు. గ్లాసు చేతిలోకి తీసుకున్నాక ఒక్క శ్వాస తీసి వదిలేంత సేపు ఆగి, ఈ నీళ్లు నా చేతికి ఎలా వచ్చాయని ప్రశ్నించుకోండి. రోజుకు ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి వెళ్లండి. ఇవాళ గ్లాసు కడిగిపెట్టినవారు, రేపు వేళ చూసి మోటార్ వేసిన వాచ్‌మన్, ఎల్లుండి మీ వీధి వంతు వచ్చినప్పుడు వాల్వ్ తిప్పే లైన్‌మన్. ఒకే రోజున మొత్తం ఊహించాలని చూస్తే అది పాఠం అప్పజెప్పినట్టు అయిపోతుంది. దీని వల్ల ఇది కలుగుతోంది, ఇది లేకపోతే అది లేదు అని చెప్పే ప్రతీత్యసముత్పాదాన్ని గ్రంథాల్లో చదివి అర్థం చేసుకోవడం కష్టమే కావచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవారికి దాన్ని నల్లా దగ్గర చూడటం అంత కష్టం కాదు.

ఎందుకంటే ఈ నగరం నీళ్లు చాలా దూరం నుంచి వస్తాయి. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు ఊరి దాహం తీర్చాయి. ఇప్పుడు ఎక్కువ భాగం కృష్ణ, గోదావరి, మంజీర నదుల నీళ్లు. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ జలాశయం నుంచి అక్కంపల్లి రిజర్వాయరుకు ఎత్తిపోసి, నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధి చేస్తే, నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి మన సంపుల్లోకి చేరతాయి. మెట్లు దిగుతూ దిగుతూ మీరు ఆ జలాశయం దాకా వెళ్లినప్పుడు, దాని అడుగున ఏముందో కూడా గుర్తు చేసుకోవడం మంచిది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, దాని చుట్టూ వెలసిన బౌద్ధ విహారాలు ఉన్న లోయ అది. నీళ్లు నిండకముందే, 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపి, దొరికిన కట్టడాలలో కొన్నింటిని కొండ మీదికి, గట్టు మీదికి తరలించారు. ఆ లోయలో ఊళ్లు విడిచిపెట్టి వెళ్లినవారూ ఉన్నారు. మన గ్లాసులోకి వచ్చిన మేలు ఇంకొకరికి నష్టంగా మొదలై ఉండవచ్చునన్న ఎరుక కూడా ఈ సాధనలో భాగమే. దాన్ని తప్పించి చేసే కృతజ్ఞతను నేను నమ్మను.

ఆ లోయలోనే మూడవ శతాబ్దం నాటి ప్రాకృత శాసనం ఒకటి దొరికింది. బోధిసిరి అనే ఉపాసిక (గృహస్థురాలైన బౌద్ధ భక్తురాలు) తాను చేయించిన పనులను అందులో వరుసగా చెప్పుకుంటుంది: చైత్యగృహం అనే ప్రార్థనా మందిరం, సింహళ విహారంలో బోధివృక్షానికి ఆలయం, చెరువు, మండపం ఇంకా ఎన్నో. వాటి పుణ్యం తనవారికీ చెందాలంటూ భర్తను, తల్లిదండ్రులను, తోబుట్టువులను, బిడ్డలను పేరుపేరునా తలుచుకుంటుంది. అంతటితో ఆగక, చివరలో పని పర్యవేక్షించిన ముగ్గురు థేరుల (పెద్ద భిక్షువుల) పేర్లు, ఆ తరువాత రాయి చెక్కిన శిల్పి విధికుడి పేరు కూడా ఆ శాసనం చెబుతుంది. డబ్బు పెట్టినవారి పేరు రాయి మీద ఉండటం మామూలే. పనిచేసిన మనిషి పేరు చివరి పంక్తిలో నిలవడం నాకు ఎక్కువ విలువైన సంగతిగా కనిపిస్తుంది.

రెండవ సాధనను అక్కడి నుంచే తీసుకోవచ్చు. రాత్రి పుస్తకం రాసే అలవాటు మీకు ఉంటే అలాగే ఉంచుకోండి, కాకపోతే ఒక నియమం పెట్టుకోండి: ప్రతి వాక్యంలోనూ ఒక మనిషి పేరు, ఆ మనిషి చేసిన పని ఉండాలి. కుటుంబం అని రాయకుండా, అత్తయ్య జ్వరంతో ఉండి కూడా బాక్సులో పచ్చిపులుసు పెట్టింది అని రాయండి. ఇలా రాయబోయినప్పుడే మనకు ఎందరి పేర్లు తెలియవో బయటపడుతుంది. ఏళ్ల తరబడి ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ వాచ్‌మన్‌ను వాచ్‌మన్ అనే, పాలు వేసే కుర్రాడిని పాలబ్బాయి అనే పిలుస్తూ ఉంటాం. మరునాడు పొద్దున అడిగి తెలుసుకోండి. అడగడంలో కొంచెం మొహమాటం ఉంటుంది, ఆ మొహమాటాన్ని దాటడమూ సాధనే.

పొద్దున్నే పాట పెట్టుకుని వీధిలోకి వచ్చే చెత్త ఆటో దగ్గర ఒక నిమిషం నిలబడి చూడండి. వెనక నిలబడిన మనిషి మన కవరు విప్పి, తడిచెత్తలో కలిసిన ప్లాస్టిక్‌ను, మందు స్ట్రిప్పులను, ఒక్కోసారి పగిలిన గాజు ముక్కలను చేత్తో ఏరి వేరే సంచిలో వేస్తూ ఉంటారు. అది చూశాక థాంక్స్ చెప్పడం కన్నా గాజు ముక్కలను విడిగా పేపర్‌లో చుట్టి, చుట్టినదేమిటో చేతికిస్తూ చెప్పడం మేలైన కృతజ్ఞత.

భోజనం విషయం క్లుప్తంగా చెబుతాను. చీవరం (భిక్షువు కట్టుకునే వస్త్రం), భిక్షాన్నం, నివాసం, ఔషధం అనే నాలుగింటిని భిక్షువులు వాడేటప్పుడు, ఇది ఎందుకోసమో తలుచుకుని వాడాలని నియమం. అన్నం విషయంలో, వేడుకకో మదానికో కాకుండా ఈ దేహం నిలవడానికని తలుచుకుంటారు. మాదాపూర్ ఆఫీసులో బాక్సు విప్పే మనం మొదటి మూడు ముద్దలు ఫోన్ పక్కన పెట్టి తింటే చాలు. ట్రాఫిక్‌లో కూడా ఈ సాధన చేయవచ్చా అని అడిగేవారుంటారు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర హారన్ల మధ్య కృతజ్ఞతను రప్పించుకోవడం అనవసరమైన శ్రమ అని నా అభిప్రాయం. అక్కడ శ్వాసను గమనిస్తూ కోపం రాకుండా చూసుకుంటే అదే ఎక్కువ. ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్లేవారికి మాత్రం మంచి గుర్తు ఒకటి ఎదురుగానే ఉంటుంది. హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధ విగ్రహం 1990 మార్చిలో తరలిస్తుండగా నీళ్లలో మునిగిపోయి, 1992 డిసెంబరులో పైకి లేచి నిలబడింది. చెక్కించిన స్థపతి పేరు, పూనుకున్న ముఖ్యమంత్రి పేరు మనకు తెలుసు. విగ్రహం మునిగిన రోజు ప్రాణాలు పోగొట్టుకున్న మనుషుల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఎరగడం కుదిరాక నడుచుకోవడం మిగులుతుంది. తల్లిని ఒక భుజం మీద, తండ్రిని మరో భుజం మీద నూరేళ్లు మోసినా ఋణం తీరదని, వారిని శ్రద్ధలో, శీలంలో, త్యాగంలో, ప్రజ్ఞలో నిలపగలిగితే తీరుతుందని బుద్ధుడు చెప్పిన మాట చాలామంది వినే ఉంటారు. ఇంట్లో పనిచేసేవారి గురించి గృహస్థుల బాధ్యతలను బుద్ధుడు వివరించిన సిగాలోవాద సుత్తం చెప్పిన సంగతులు అంతగా వినపడవు. శక్తికి తగిన పని, సరైన తిండీ జీతమూ, జబ్బు చేసినప్పుడు ఆదరణ, ఇంట్లో ప్రత్యేకంగా వండినదాంట్లో వాటా, వేళకు విశ్రాంతి: యజమాని చేయవలసినవి ఈ అయిదూ. మీ ఇంట్లో గిన్నెలు తోమే అక్క మీద మీకు నిజంగా కృతజ్ఞత ఉందో లేదో ఈ అయిదింటితో సరిచూసుకోండి. నెలకు రెండు సెలవులకు కూడా జీతం కోసే ఇంట్లో ధ్యానం ఎంత సేపు చేసినా లాభం లేదు.

ఈ సాధనను ఎక్కడ ఆపాలో కూడా తెలిసి ఉండాలి. మనకన్నా కష్టంలో ఉన్నవారిని చూసి తృప్తిపడటం కృతజ్ఞత కాదు, అది వారి దుఃఖాన్ని మన మందుగా వాడుకోవడం. ఇంట్లో చావు జరిగినవారికి, ఉద్యోగం పోయినవారికి, ఉన్నదానికి సంతోషించమని చెప్పకండి. దుఃఖం ఉందని ఒప్పుకోవడాన్నే బుద్ధుడు మొదటి సత్యంగా నిలిపాడు. జీతం పెంచమని అడిగినవారికి కృతజ్ఞత గురించి బోధించే పై అధికారి మాటను కూడా ఈ లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

మరింత గట్టిగా సాధన చేయాలనుకునేవారికి నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త అనే విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. అక్కడి పది రోజుల శిబిరంలో మాట్లాడకూడదు, ఫోన్ ఉండదు, కాబట్టి ఇంట్లో ముందే చెప్పి, సెలవు ఖాయం చేసుకుని వెళ్లాలి. బసకు, భోజనానికి రుసుము తీసుకోరు. మీరు తినే అన్నం అంతకుముందు శిబిరం పూర్తిచేసిన ఎవరో ఇచ్చిన దానంతో వండినది, వాళ్లెవరో మీకు ఎప్పటికీ తెలియదు. శిబిరం పూర్తిచేసిన తరువాతే మీ దగ్గర దానం తీసుకుంటారు, అదీ మీకు ఇవ్వాలనిపిస్తేనే.