ఇంట్లో రంగుల షేడ్ కార్డు: ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి

ఇంట్లో కాటన్ గుడ్డలకు రంగు వేసుకునేవాళ్లకు సొంత షేడ్ కార్డు (చిన్న గుడ్డ ముక్కలకు రకరకాల రంగులు వేసి, కొలతలతో సహా కుట్టి పెట్టుకునే కార్డు) ఉంటే, చీర పాడుచేసుకుని తల పట్టుకునే పని తప్పుతుంది. అయితే ముక్క మీద వచ్చిన రంగు మళ్లీ అడిగితే రావాలి. రాకపోతే కార్డు ఎంత ముచ్చటగా ఉన్నా దండగే. కింద చెప్పేవన్నీ చన్నీళ్లలో వేసే రియాక్టివ్ రంగుల, అంటే గుడ్డ పోగుతో రసాయనికంగా కలిసిపోయే రంగుల సంగతులు. 1956లో ఐసీఐ అనే బ్రిటిష్ కంపెనీ ప్రోసియన్ పేరుతో తెచ్చిన రకం ఇది. బాతిక్, టై అండ్ డై సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. పొడి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ఆ దుమ్ము పీలిస్తే కొందరికి ఆయాసం వస్తుంది. వంటకు వాడే గిన్నెలు, స్పూన్లు ఇటువైపు తేకండి.

అదే రంగు, అదే కొలత, కానీ నిన్నటి ముక్కకూ ఇవాళ్టి ముక్కకూ పోలిక లేదు

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. నూటికి తొంభై సార్లు తప్పు కొలతలోనే ఉంటుంది. చదరపు మీటరు 120 గ్రాములు తూగే గుడ్డలోంచి 10 సెంటీమీటర్ల చదరం కత్తిరిస్తే దాని బరువు 1.2 గ్రాములు. ఆ బరువులో 2 శాతం రంగు అంటే 0.024 గ్రాము. చిటికెడు కూడా కాదు. వంటింటి కాటా మీద అది కనపడదు, స్పూనుతో తీస్తే ప్రతిసారీ వేరే కొలతే వస్తుంది.

అందుకే పొడిని ముక్కముక్కకూ కొలవకండి. ముందే 1 శాతం ద్రావణం చేసి పెట్టుకోండి: 5 గ్రాముల పొడి, మొత్తం 500 మిల్లీలీటర్లు అయ్యేలా నీళ్లు. ఇప్పుడు ఆ 0.024 గ్రాము రంగు అంటే 2.4 మిల్లీలీటర్ల ద్రావణం. మెడికల్ షాపులో దొరికే 5 మిల్లీలీటర్ల సిరంజితో హాయిగా కొలవచ్చు. గుడ్డను కూడా ఒక్కో ముక్క తూచకుండా, పది ముక్కలు కలిపి తూచి పదితో భాగించండి. సిరంజిలోకి తీసే ముందు సీసా ఒకసారి బాగా కుదపాలి, రంగు అడుగున చేరి ఉండొచ్చు.

ద్రావణం పాతబడ్డా తేడా వస్తుంది. ఈ రంగు గుడ్డను పట్టుకున్నట్టే నీళ్లనూ పట్టుకుంటుంది, నీళ్లతో కలిసిపోయిన రంగు ఇక గుడ్డకు అంటదు. సోడా (రంగు గుడ్డకు పట్టడానికి వేసేది) కలపని ద్రావణం ఫ్రిజ్‌లో వారం దాకా పనికొస్తుంది. సోడా కలిపాక దాని ఆయుష్షు కొద్ది గంటలే. సీసా మీద తేదీ రాయండి. ఫ్రిజ్‌లో పెడితే పిల్లలు షర్బత్ అనుకోకుండా ఇంకా పెద్ద అక్షరాలతో రాయండి.

రంగు పాలిపోయి వచ్చింది

మొదట సోడా డబ్బా చూడండి. వంట సోడా వేసి ఉంటే కారణం దొరికినట్టే. ఈ రంగు పట్టడానికి కావలసినంత క్షారం దానిలో ఉండదు. కావలసింది బట్టల సోడా, అంటే సోడా యాష్. లీటరుకు 15 - 20 గ్రాములు చాలు. ముందు ఉప్పు, రంగు కలిపిన నీళ్లలో ముక్కను పావుగంట తిప్పండి, సోడా ఆ తర్వాత వేసి కనీసం గంట ఉంచండి. మొదట్లోనే అన్నీ కలిపేస్తే రంగు గుడ్డలోకి దిగకముందే నీళ్లలో ఖర్చయిపోతుంది.

సోడా సరైనదే అయితే అనుమానం గుడ్డ మీదకు వెళ్లాలి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. ఒక చుక్క నీళ్లు వేసి చూడండి, వెంటనే పీల్చుకోకుండా ముత్యంలా నిలబడితే సబ్బు, కొంచెం సోడా వేసి ఉడికించాల్సిందే. కాటనేనని షాపువాళ్లు అన్నా టెరీకాటన్, అంటే పాలియెస్టర్ కలిసిన కాటన్ కావచ్చు. అంచు నుంచి ఓ పోగు లాగి కాల్చండి. కాటన్ కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఆ పాలియెస్టర్ వంతుకు ఈ రంగు ఎంతసేపు నానినా పట్టదు.

టర్కాయిస్ (ఆకుపచ్చ కలిసిన నీలం) ఒక్కటి మిగతావాటికన్నా నెమ్మది. దానికి గోరువెచ్చని నీళ్లు, ఎక్కువ సమయం ఇవ్వండి.

చుక్కలు, మరకలు

చుక్కలంటే పొడి కరగలేదని అర్థం. ముందు కొద్ది నీళ్లతో పేస్టులా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోసి, పల్చటి గుడ్డలో వడకట్టండి. మరకలు పడితే ముక్క మడతపడి ఉంటుంది, లేదా పొడిగా వేసుంటారు. తడిపి పిండి వేయండి, తిప్పుతూ ఉండండి.

బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల కూడా రంగు మబ్బుగా వస్తుంది. ఆర్‌ఓ నీళ్లు వాడితే ముక్క బాగానే వస్తుంది, కానీ రేపు చీర వేసేది బోరు నీళ్లలోనే అయితే ఆ ముక్క మీకు అబద్ధం చెప్పినట్టే. చీరకు ఏ నీళ్లో ముక్కకూ అవే నీళ్లు.

పసుపు నుంచి నీలానికి మెట్లు వేస్తే మధ్యలోనే అంతా నీలమైపోయింది

మీ లెక్క తప్పు కాదు. నీలం పసుపును ఇట్టే మింగేస్తుంది, సగం సగం కలిపితే వచ్చేది సగటు ఆకుపచ్చ కాదు. మెట్లను సమానంగా వేయకుండా పసుపు వైపు దగ్గరదగ్గరగా పెట్టండి: 98:2, 95:5, 90:10, 80:20, ఆపైన 50:50. చిలకపచ్చ, లేతాకు రంగులన్నీ ఆ మొదటి నాలుగింటిలోనే దొరుకుతాయి.

ఆరాక రంగు మారింది, లేదా రాత్రి కలిసిన రంగు పగలు కలవడం లేదు

తడి గుడ్డ ఎప్పుడూ ముదురుగానే కనిపిస్తుంది. ఆరి, ఇస్త్రీ అయ్యాకే నిర్ణయానికి రండి. ట్యూబులైటు కింద సరిపోయిన రెండు రంగులు ఎండలో విడిపోవచ్చు. బ్లౌజు ముక్క పట్టుకుని షాపు గుమ్మం దాకా వచ్చి చూస్తామే, ఇక్కడా అంతే, పగటి వెలుగులో కిటికీ దగ్గర చూడాలి.

పక్క ముక్కకు రంగు అంటింది

పట్టని రంగు లోపల మిగిలింది. ముందు చన్నీళ్లలో సోడా, ఉప్పు పోయేదాకా జాడించి, తర్వాత బాగా వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేవరకు మార్చండి. తడి తెల్లగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే మిగిలిన రంగు బయటపడుతుంది. ఏమీ అంటకపోతేనే కార్డుకెక్కించండి.

ఏ ముక్క ఏదో తెలియట్లేదు

పెన్నుతో రాసింది వేడినీళ్లలో పోతుంది. చాకళ్లు వెనక నల్లజీడి రసంతో గుర్తులు పెట్టేవారు, ఆ గుర్తు చెరగదు. కానీ చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, ఇంట్లో వద్దు. తెల్ల పాలియెస్టర్ దారంతో మూల దగ్గర కుట్లు వేయండి: ఒక కుట్టు అంటే మొదటి ముక్క, రెండు కుట్లంటే రెండోది. దారానికి రంగు పట్టదు కాబట్టి ఎంత ముదురు గుడ్డ మీదైనా తెల్లగా కనిపిస్తుంది.

కార్డు మీద రంగు పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఏ గుడ్డ, ఎంత శాతం, ఏ ద్రావణాలు ఎన్ని మిల్లీలీటర్లు, ఏ నీళ్లు, ఎంతసేపు, ఇవన్నీ ఉండాలి. మల్‌మల్ మీద వచ్చిన రంగు పాప్లిన్ మీద అచ్చంగా అలాగే రాదు. ముక్కల వరుసను కంటికి నచ్చినట్టు కాక మిశ్రమాన్ని బట్టి పెట్టుకోండి: అడ్డంగా నిష్పత్తి, నిలువుగా 0.5, 1, 2, 4 శాతాలు. అప్పుడు రెండు ముక్కల మధ్య రంగు కావాలంటే కొలత కూడా ఆ రెంటి మధ్యే వెతుక్కోవచ్చు.

స్టేప్లర్ పిన్ను కొట్టొద్దు. విశాఖ, మచిలీపట్నం గాలికి అది తుప్పు పట్టి ముక్క మీద మరక వేస్తుంది. రెండు కుట్లు వేసి, ఫైలు మూసి బీరువాలో పెట్టండి. ఎండకు ఏ రంగు ఎంత వెలుస్తుందో తెలియాలంటే, ప్రతి రంగులో ఒక అదనపు ముక్కను సగం నల్లకాగితంతో కప్పి నెల రోజులు కిటికీకి అంటించి, తీసి కార్డులో అసలు ముక్క పక్కనే కుట్టండి.