ఏజెంట్ ‘ఆ టెక్స్ట్ దొరకలేదు’ అంటుంటే ఎక్కడ వెతకాలి

డాక్యుమెంట్లు ఎడిట్ చేసే ఏజెంట్ (మనం రాసిచ్చిన టూల్స్ వాడుతూ పని చేసే ఏఐ మోడల్) తిక్కగా చేస్తోందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒకటే. కోడ్ మూసేసి, ఏ టూల్ ఏం చేస్తుందో మోడల్‌కి చెప్పే టూల్ డిస్క్రిప్షన్‌ని పారామీటర్ల (టూల్‌కి ఇవ్వాల్సిన విలువల) వివరణతో సహా ఒకసారి చదివారా? చాలామంది చదవరు. ప్రాంప్ట్‌లో ‘జాగ్రత్తగా చెయ్యి’ అని నాలుగోసారి చేర్చి, మోడల్ కూడా మార్చేసి, అప్పుడు ఫోన్ చేస్తారు. మీ కోడ్ మోడల్‌కి కనబడదండీ. టూల్ పేరు, డిస్క్రిప్షన్‌లోని నాలుగు వాక్యాలు, పారామీటర్లు, అంతే దానికి తెలిసింది.

ఒక పదం మార్చమంటే డాక్యుమెంట్ మొత్తం తిరగరాస్తోంది

ఒక టూల్‌కి ‘డాక్యుమెంట్‌ని అప్‌డేట్ చేస్తుంది’ అని, ఇంకోదానికి ‘డాక్యుమెంట్‌లో మార్పులు చేస్తుంది’ అని రాసి ఉంటుంది. ఏది ఎప్పుడు వాడాలో రాసినవాళ్లకే తెలియనప్పుడు మోడల్‌కి ఎలా తెలుస్తుంది? ఎప్పుడు వాడకూడదో కూడా రాయండి. ఫైల్ మొత్తం రాసే టూల్‌కైతే ఇలా: ‘కొత్త ఫైల్ కోసమే. ఉన్న ఫైల్ మీద వాడితే పాతదంతా పోతుంది. చిన్న మార్పులకు రీప్లేస్ టూల్ వాడాలి.’ రీప్లేస్ టూల్ అంటే పాత టెక్స్ట్, కొత్త టెక్స్ట్ ఇస్తే ఫైల్‌లో పాతదాన్ని వెతికి మార్చేది. (మీరు ఇంగ్లిష్‌లోనే రాసుకోండి, ఇక్కడ తెలుగులో చెబుతున్నానంతే.)

మొదటి మార్పు సరిగ్గా పడుతోంది, రెండోది పక్క లైన్లో పడుతోంది

లైన్ల లెక్క 0 నుంచా 1 నుంచా, ఇచ్చిన లైన్‌కి ముందు చేరుస్తుందా తర్వాతా అన్నది రాసి ఉండరు. అది రాసినా తేడా వస్తోందంటే, మొదటి మార్పుతో కింది లైన్లన్నీ జరిగిపోయాయి, ఏజెంట్ పాత నంబర్లే పట్టుకుని కూర్చుంది. ‘కింది నుంచి పైకి మార్చుకుంటూ రావాలి’ అని ఒక వాక్యం చేర్చండి. గూగుల్ డాక్స్ ఏపీఐ వాడేవాళ్లకు గూగుల్ ఇచ్చే సలహా కూడా ఇదే. అక్కడ స్థానాల లెక్క యూటీఎఫ్-16 యూనిట్లలో ఉంటుంది (యూటీఎఫ్-16, యూటీఎఫ్-8 అనేవి అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే పద్ధతులు). ‘క్షి’ మనకి ఒక్క అక్షరం, ఆ లెక్కలో 4, యూటీఎఫ్-8 బైట్లలో 12. ఊరికే ‘క్యారెక్టర్ స్థానం’ అని రాస్తే కుదరదు.

‘పాత టెక్స్ట్ దొరకలేదు’ అంటోంది, కానీ అది అక్కడే ఉంది

దీని దగ్గర నాకు మూడు రోజులు పోయాయి. తెలుగులో ఉన్న ఆఫీసు నిబంధనల ఫైల్ అది. కొన్ని పేరాలు చక్కగా మారేవి, కొన్ని ససేమిరా అనేవి. రెండు మూడుసార్లు దొరకలేదని వచ్చాక ఏజెంట్ విసిగిపోయినట్టు మొత్తం ఫైల్‌ని కొత్తగా రాసేసేది. పైన చెప్పిన మొదటి సమస్యే అనుకుని డిస్క్రిప్షన్‌లో ‘తిరగరాయవద్దు’ అని పెట్టాను. అప్పటి నుంచి ఫైల్ ముట్టుకోవడమే మానేసింది.

మారని పేరాలన్నిట్లో పాస్‌వర్డ్, సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్ లాంటి మాటలున్నాయని చాలా ఆలస్యంగా గమనించాను. ‘పాస్‌వర్డ్’లో స్ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, పక్క అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే గుర్తు అది. అది తీసేస్తే ‘పాస్వర్డ్’ అయిపోతుంది. ఆ తేడా తెర మీద కనబడుతూనే ఉంది, నేనే ఫాంట్ గోల అనుకుని వదిలేశాను. పైగా లాగ్‌లో తెలుగు బదులు యూనికోడ్ నంబర్లు వస్తున్నాయని చిరాకుపడి, తెలుగే కనబడేలా సెట్టింగ్ మార్చుకున్నాను. మళ్లీ నంబర్లు ఆన్ చేస్తే, ఫైల్‌లో 200సి (ఆ గుర్తు యూనికోడ్ నంబరు) ఉంది, ఏజెంట్ పంపినదాంట్లో లేదు.

తప్పు ఏజెంట్‌ది కాదు. వెబ్ నుంచి కాపీ చేసిన చెత్త పోవాలని, చదివే టూల్‌లో 200బి నుంచి 200డి దాకా ఇలాంటి కనబడని గుర్తులన్నీ తీసేసే లైను ఎప్పుడో నేనే రాశాను. చదివే టూల్ శుభ్రం చేసిన టెక్స్ట్ ఇస్తోంది, మార్చే టూల్ అసలు ఫైల్‌లో వెతుకుతోంది. ‘ఫైల్‌లోని టెక్స్ట్ ఇస్తుంది’ అన్న నా డిస్క్రిప్షన్ అబద్ధం.

కాబట్టి ముందు ఈ పరీక్ష చేయండి. మోడల్‌ని పక్కన పెట్టి, చదివే టూల్ ఇచ్చిన ఒక పేరాని మీ చేత్తో కాపీ చేసి మార్చే టూల్‌కి పాత టెక్స్ట్‌గా ఇవ్వండి. దొరకలేదంటే లోపం టూల్స్‌లోనే ఉంది. ఆ శుభ్రం చేసే లైను తీసేయండి. తీయలేకపోతే, పోల్చేటప్పుడు రెండు వైపులా ఆ గుర్తుల్ని వదిలేసి, మార్పు మాత్రం అసలు ఫైల్‌లో చేయండి.

ఆ తర్వాతే డిస్క్రిప్షన్: ‘ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టే ఇస్తుంది. లైన్ ముందు కనబడే నంబరు ఫైల్‌లో భాగం కాదు, పాత టెక్స్ట్‌లో చేర్చవద్దు. పాత టెక్స్ట్ ఫైల్‌లో ఒకే ఒక్క చోట ఉండాలి.’ ఎర్రర్‌లో ‘విఫలమైంది’ అని వదిలేయకుండా ‘3 చోట్ల ఉంది, చుట్టూ ఉన్న మాటలు కలిపి పంపు’ అన్నట్టు చెప్పండి.

మిగతావి

విండోస్ లైన్ ముగింపులు, వంకర కొటేషన్ గుర్తులు: వీటిని చదివే టూల్ మారుస్తుంటే పై పరీక్షలోనే బయటపడతాయి. వర్డ్ ఫైల్‌లో ఒకే పదం లోపల రెండు మూడు ‘రన్’ ముక్కలుగా ఉండొచ్చు (రన్ అంటే ఒకే ఫార్మాటింగ్‌తో ఫైల్ విడిగా దాచే టెక్స్ట్ ముక్క). దాన్ని కోడ్‌లో కలిపి చూసుకోవాలి, డిస్క్రిప్షన్‌లో ఎంత రాసినా తీరదు.