బేస్‌బాల్ పరుగు కోసం బరువులెత్తే ముందు

బేస్‌బాల్‌లో ఒక బేస్ (ఆటగాడు పరుగెత్తి చేరాల్సిన గుర్తు) నుంచి మరో బేస్‌కు 90 అడుగులు, అంటే సుమారు 27.4 మీటర్లు. నిలబడ్డ చోటి నుంచి ఒక్కసారిగా దూసుకెళ్లాలి. ఆ ఊపులో తొడ వెనుక కండరం తేలిగ్గా పట్టేస్తుంది. తిరుపతిలో సాధన చేసే పిల్లలు బార్‌బెల్ (రెండు చివరలా బరువులు తగిలించే కడ్డీ) పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

• నిన్న అలిపిరి మెట్లెక్కారా? 3,550 మెట్లు ఎక్కిన కాళ్లకు ఈ రోజు స్క్వాట్లు (బార్ భుజాల మీద పెట్టుకుని తీసే గుంజీలు) వద్దు. మొక్కుతో పాటు వ్యాయామమూ తీరిపోయింది.

• పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపండి. మే నెల ఎండకు చెమట పట్టినంత మాత్రాన కండరం సిద్ధమైనట్టు కాదు.

• స్క్వాట్లు మొదట ఖాళీ బార్‌తోనే. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి ఫోనులో వీడియో తీయించుకోండి. మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా? మడమ లేస్తోందా? నడుము గుండ్రంగా వంగుతోందా? వీటిలో ఏ ఒక్కటి కనబడినా బరువు పెంచకండి, పక్కవాడు ఎంత ఎత్తినా సరే.

• తొడ వెనుక కండరం కోసం చేసే నార్డిక్ కర్ల్ కొత్తగా మొదలుపెడుతుంటే ఐదేసి చొప్పున రెండు విడతలు చాలు. మోకాళ్ల మీద నిలిచి, మడమలు ఒకరు అదిమి పట్టుకోగా మెల్లగా ముందుకు వాలడం చూడటానికి సులువే. మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. మ్యాచ్ ముందు రోజు అసలు వద్దు.

• వేగపు పరుగు, బరువులు ఒకే రోజైతే పరుగే ముందు.

• బరువులెత్తేటప్పుడు అడుగు మెత్తగా ఉన్న బూట్లు విప్పేయండి. బరువులు జారిపోకుండా బార్‌కు క్లిప్పులు పెట్టారా?

• తొడ వెనుక చురుక్కుమంటే అక్కడితో ఆపండి. సాగదీసి చూడకండి.