లూథరన్ సంఘంలో సభ్యత్వం: దరఖాస్తు విధానం, కొత్తవారి సందేహాలు

మార్టిన్ లూథర్ బోధలను అనుసరించే ప్రొటెస్టెంట్ సంఘమైన లూథరన్ సంఘంలో చేరాలనుకునేవారు చాలామంది మొదట అడిగేది ఫారం ఎక్కడ దొరుకుతుందని. ఫారం నింపడం పది నిమిషాల పని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది మీకు బాప్తిస్మం అయిందా, అయితే ఎక్కడ, ఎలా అయిందనేది. మీరు ఏ దారిలో చేరాలో దాన్ని బట్టే ఉంటుంది.

తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీటితో బాప్తిస్మం పొందినవారికి లూథరన్లు మళ్ళీ బాప్తిస్మం ఇవ్వరు. క్యాథలిక్ చర్చిలో తీసుకున్నా, బాప్టిస్ట్ సంఘంలో తీసుకున్నా, పసితనంలో అయినా, పెద్దయ్యాక అయినా అంతే. నీళ్ళలో ముంచారా, తలమీద పోశారా అన్న పట్టింపు లేదు. బాప్తిస్మంలో పని చేసేది దేవుడేనని, ఆయన ఇచ్చిన మాటను రెండోసారి ఇప్పించుకోనక్కర్లేదని వారి నమ్మకం. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడానికి ముఖ్య కారణం కూడా అదే. చిన్నప్పుడు తీసుకున్నది చెల్లదేమోనని టెన్షన్ పడుతూ వచ్చేవారు ఈ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు. త్రిత్వ నామంలో కాకుండా వేరే విధంగా పొందినవారు మాత్రం ఆ సంగతి పాస్టర్ గారికి మొదట్లోనే చెప్పాలి.

ఇప్పటికే వేరే లూథరన్ సంఘంలో సభ్యులైతే పాత సంఘం నుంచి ట్రాన్స్‌ఫర్ లెటర్ తెస్తే సాధారణంగా సరిపోతుంది. వేరే సంఘాల నుంచి వచ్చేవారు కొన్నాళ్ళు బోధన తరగతులకు హాజరై, తర్వాత ఆరాధనలో అందరి ముందు విశ్వాసాన్ని ఒప్పుకుంటారు. బాప్తిస్మమే కానివారు తరగతుల తర్వాత బాప్తిస్మం తీసుకుంటారు. పిల్లల తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేస్తారు, బిడ్డకు సాక్షులుగా నిలిచేవారి పేర్లు కూడా ఇస్తారు. ఆ పిల్లలు కాస్త పెద్దయ్యాక తరగతులు పూర్తి చేసి కన్ఫర్మేషన్ తీసుకుంటారు, అంటే తమ విశ్వాసాన్ని తామే సంఘం ముందు ఒప్పుకుంటారు.

కాగితాల్లో ముఖ్యమైనది బాప్తిస్మ సర్టిఫికెట్. పోయిందని దిగులు పడకండి, బాప్తిస్మం ఇచ్చిన సంఘం రిజిస్టర్‌లో మీ వివరాలు ఉంటే దాని నకలు అడగొచ్చు. రిజిస్టర్ కూడా దొరక్కపోతే, ఆ రోజు అక్కడున్న పెద్దల సాక్ష్యం గురించి పాస్టర్ గారితో మాట్లాడండి. ఫారంలో సాధారణంగా అడిగేవి పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం అయిన తేదీ, స్థలం, కుటుంబ వివరాలు, పాత సంఘం పేరు.

డబ్బు సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. చాలాచోట్ల కానుకలు ఎవరి ఇష్టం వారిది. జర్మనీలోని ప్రాంతీయ ప్రొటెస్టెంట్ చర్చిల్లో మాత్రం సభ్యుల నుంచి ప్రభుత్వమే చర్చి పన్ను వసూలు చేసి అందిస్తుంది. అది ఆదాయపు పన్నులో 8 లేదా 9 శాతం. అక్కడ చేరేవారు ఇది తెలుసుకునే సంతకం చేయాలి.

ఇక తరగతులు. వీటిని ఫార్మాలిటీగా దాటేయొద్దని గట్టిగా చెప్తాను, ఎందుకంటే మీ సందేహాలకు సరైన చోటు అదే. పాఠాలకు ఆధారం మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి. పది ఆజ్ఞలు, అపొస్తలుల విశ్వాస ప్రమాణం (క్రైస్తవ విశ్వాసాన్ని క్లుప్తంగా చెప్పే పాత ఒప్పుకోలు), ప్రభువు నేర్పిన ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు భోజనం దానిలోని అంశాలు. వేరే ప్రొటెస్టెంట్ సంఘాల నుంచి వచ్చినవారు మొదటి పాఠంలోనే తికమక పడతారు. విగ్రహాల గురించిన మాటను లూథరన్లు మొదటి ఆజ్ఞలో భాగంగా లెక్కించి, ఆశించకూడదన్న చివరి ఆజ్ఞను రెండుగా చేస్తారు. అందుకే "నరహత్య చేయకూడదు" ఇక్కడ ఐదోది, చాలా ఇతర ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఆరోది. ఆజ్ఞలు అవే, లెక్క మాత్రమే వేరు.

ఎక్కువమంది అడిగే ప్రశ్న మంచి పనుల గురించి. విశ్వాసం ద్వారా కృపతోనే రక్షణ అంటే ఎలా బతికినా పర్వాలేదా అని. లూథరన్ల ముఖ్య విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ఒప్పుకోలు దీనికి సూటిగా జవాబిస్తుంది. మంచి పనులు చేసి దేవుని ముందు నీతిమంతులం కాలేం, అయితే నిజమైన విశ్వాసం మంచి పనులు చేయకుండా ఉండదు. లూథర్‌ను పూజిస్తారా అంటే లేదు. మరియమ్మను గౌరవిస్తారు, ఆమెకు ప్రార్థన చేయరు. పాస్టర్లు పెళ్ళి చేసుకోవచ్చు, లూథరే 1525లో చేసుకున్నారు. పాస్టర్ దగ్గర ఒంటరిగా పాపాలు ఒప్పుకునే వీలుంది, బలవంతం లేదు.

ప్రభు భోజనం దగ్గర కాస్త ఆగాలి. రొట్టె, ద్రాక్షారసం క్రీస్తుకు గుర్తులు మాత్రమేనని లూథరన్లు అనరు. అవి రొట్టెగా, ద్రాక్షారసంగా ఉంటూనే క్రీస్తు శరీరం, రక్తం వాటితో నిజంగా ఇవ్వబడతాయని నమ్ముతారు. అందుకే ఎవరికి ఇవ్వాలన్న దానిపై సంఘాల మధ్య తేడాలున్నాయి. కొన్ని సంఘాలు బాప్తిస్మం పొందిన క్రైస్తవులందరినీ పిలుస్తాయి, మరికొన్ని తమతో ఒకే విశ్వాసం ఒప్పుకున్నవారికే ఇస్తాయి. ఆరాధన మొదలయ్యే ముందే పాస్టర్ గారిని అడిగితే అక్కడి దాకా వెళ్ళి ఇబ్బంది పడక్కర్లేదు. రెండో రకం సంఘంలో ఆగమన్నారంటే మిమ్మల్ని తక్కువ చేసినట్టు కాదు, ఆ భోజనాన్ని వారు అంత గంభీరంగా తీసుకుంటారు.

దరఖాస్తు చేసే ముందు ఆ సంఘం ఏ లూథరన్ సంస్థకు చెందిందో కూడా అడగండి. 1947లో ఏర్పడిన లూథరన్ వరల్డ్ ఫెడరేషన్‌లో చాలా సంఘాలున్నాయి, దానికి బయటా ఉన్నాయి. స్త్రీలు పాస్టర్లుగా ఉండటం వంటి విషయాల్లో అన్నిటిదీ ఒకే పద్ధతి కాదు.

ఫారం అందాక సంఘ పెద్దలు పరిశీలించి, చేర్చుకునే ఆదివారం చెప్తారు. ఆ రోజు అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని సంఘంతో కలిసి పలకాలి, అడిగిన ప్రశ్నలకు దేవుని సహాయంతో అలాగే చేస్తానని జవాబివ్వాలి. ముందే ఒకసారి చదువుకుని వెళ్తే గొంతు తడబడదు. తర్వాత పేరు రిజిస్టర్‌లో ఎక్కుతుంది. ఎప్పుడైనా వేరే ఊరికి మారితే వెళ్ళేముందు ట్రాన్స్‌ఫర్ లెటర్ అడిగి తీసుకోండి.